కీ లార్గో రీఫ్ డైవింగ్: ముందు రోజు రాత్రి నుంచి సామాను ఆరేసేదాకా

అండమాన్‌లోనో థాయిలాండ్‌లోనో ఓపెన్ వాటర్ కార్డు (స్కూబా డైవింగ్‌లో తొలి సర్టిఫికెట్) తెచ్చుకున్నవాళ్ళు అమెరికా వచ్చాక నన్ను అడిగేది దాదాపు ఒకటే. "ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర పగడాలు బాగుంటాయట కదా. ఇరవై, ముప్పై అడుగుల లోతేనట. మనంతట మనమే దిగొచ్చా?"

దిగొచ్చు. చిక్కంతా ఆ "అడుగుల లోతేనట" దగ్గరే ఉంది. ఎనభై అడుగుల్లో కంటే ఇరవై అడుగుల్లో కదలకుండా ఒకచోట తేలి ఉండటం కష్టం. పైగా కీ లార్గోలో మామూలుగా పడవవాళ్ళు మీతో నీళ్ళలోకి రారు. అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో మన ట్యాంకు వాల్వు పట్టుకుని అంతా తిప్పి తెచ్చే అన్న ఇక్కడ ఉండడు. పలక మీద రీఫ్ (పగడపు దిబ్బ) బొమ్మ గీసి చూపిస్తారు, "ఐదొందల పీఎస్‌ఐతో పడవ మీద ఉండండి" (పీఎస్‌ఐ అంటే ట్యాంకులో గాలి ఒత్తిడి కొలత) అంటారు, అక్కడితో వాళ్ళ పని సరి. దారి చూసుకోవడం, గాలి లెక్క, బడ్డీని (జతగా దిగే మనిషిని) కనిపెట్టుకోవడం అన్నీ మీవే.

ఇది కార్డు ఉన్నవాళ్ళ కోసం రాసింది. లేనివాళ్ళు అవే రీఫ్‌లకి వెళ్ళే స్నార్కెలింగ్ పడవ ఎక్కండి, పాతిక అడుగుల్లో పైనుంచే చాలా కనిపిస్తుంది.

1. ఎక్కడ దిగుతున్నారో తెలుసుకోండి

ఓవర్సీస్ హైవే మీద 102.5 మైలు గుర్తు దగ్గర జాన్ పెన్నీక్యాంప్ కోరల్ రీఫ్ స్టేట్ పార్క్ గేటు వస్తుంది. లోపలికి వెళ్ళి బీచ్‌లో దిగితే పగడాలు ఉంటాయనుకుని ఫిన్స్ తొడుక్కుని నిరాశపడ్డవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. అసలు రీఫ్ ఒడ్డు నుంచి సుమారు 5 మైళ్ళు. పడవ తప్ప దారి లేదు.

అందరూ పేరు చెప్పే మొలాసెస్ రీఫ్, ఫ్రెంచ్ రీఫ్, గ్రీషియన్ రాక్స్, డ్రై రాక్స్ స్టేట్ పార్కు హద్దు దాటాక వచ్చే ఫ్లోరిడా కీస్ నేషనల్ మెరైన్ శాంక్చురీలో ఉన్నాయి. ఈ నాలుగూ గట్టి నిబంధనలున్న ప్రత్యేక రక్షిత ప్రాంతాలు. చుట్టూ పసుపు బోయాలు తేలుతుంటాయి, అవి హద్దురాళ్ళ లాంటివి. వాటి లోపల చేపలు పట్టకూడదు, ఏదీ ఏరకూడదు, పగడం బతికున్నదైనా చచ్చినదైనా ముట్టుకోకూడదు, దాని మీద నిలబడకూడదు. నీలి పట్టీ ఉన్న తెల్ల బోయాలు పడవలు కట్టుకోవడానికి, లంగరు పగడం మీద పడకుండా.

మొదటి రోజుకి నేను మొలాసెస్‌నే చెబుతాను. లోతు 10 నుంచి 40 అడుగుల దాకా మెల్లగా పెరుగుతుంది, దారి కనుక్కోవడం తేలిక. చాలామంది ముందు డ్రై రాక్స్‌లో మునిగి ఉన్న క్రీస్తు కంచు విగ్రహాన్ని చూడాలంటారు. సుమారు 25 అడుగుల నీళ్ళలో చేతులు పైకెత్తి నిలబడి ఉంటుంది, చూడాల్సిందే. కానీ దాని చుట్టూ జనం ఎక్కువ, పక్కనే పెద్ద పగడపు గుండ్లు. తేలడం కుదిరాక, రెండో రోజు పెట్టుకోండి.

2. కాగితాలు, ఆరోగ్యం

ఇంట్లోంచి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- డైవింగ్ కార్డు (ఫోన్‌లో ఉన్నా చాలు), లాగ్‌బుక్ లేదా డైవ్‌ల వివరాలు
- ఆరోగ్య ప్రశ్నాపత్రం, ముందే చదివి ఉంచుకోవాలి
- చివరి డైవ్ ఏడాది దాటిందా? అయితే ఊళ్ళోనే కొలనులో ఒక రిఫ్రెషర్
- డైవింగ్ ప్రమాద బీమా

ఆ ప్రశ్నాపత్రంలో ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటాయి. కొన్నిటికి "అవును" అంటే డాక్టరు సంతకం లేకుండా పడవ ఎక్కనివ్వరు. టాంపా నుంచి ఐదు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి కౌంటర్ దగ్గర ఈ కాగితం మొదటిసారి చూసిన మిత్రుడొకడు రెండు రోజులూ హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో గడిపాడు. అబద్ధం రాసి దిగడం అంతకన్నా తెలివితక్కువ పని.

జలుబుంటే దిగకండి. ముక్కు మందు వేసుకుని దిగితే నీళ్ళలో ఉండగానే దాని పని అయిపోతుంది, అప్పుడు పైకి వచ్చేటప్పుడు చెవుల్లో గాలి ఇరుక్కుంటుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు పవర్ ఉన్న మాస్క్ కొనుక్కోండి. మనవాళ్ళలో సగం మందికి ఇది అవసరం, సగం మంది "మసగ్గా కనిపించినా పర్లేదు" అంటారు. గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్ మీద అంకె కనిపించకపోతే పర్లేదా?

3. ఏ రోజు వెళ్ళాలి

ఎండ కాదు, గాలి చూడండి. అమెరికా వాతావరణ శాఖ సముద్ర సూచనలో హాక్ చానెల్ పేరు వెతకండి, ఒడ్డుకీ రీఫ్‌కీ మధ్య నీళ్ళు అవే. నా లెక్క ఇది:

- 10 నాట్‌ల లోపు: హాయిగా వెళ్ళండి
- 10 నుంచి 15: వెళ్ళొచ్చు, వాంతి మందు తప్పనిసరి
- 15 నుంచి 20: అనుభవం లేనివాళ్ళు మానుకోండి. పడవ బయల్దేరినా సరే, అడుగున అలల ఊపు మిమ్మల్ని ఊయల ఊపుతుంది
- 20 దాటితే: పులిహోర కట్టుకుని పార్కులో కూర్చోండి

చలికాలంలో ఉత్తరపు గాలులు వచ్చాయంటే రెండు మూడు రోజులు నీళ్ళు మట్టిరంగే. వేసవిలో పొద్దున్న సముద్రం అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నం ఉరుములు. అందుకే ఎప్పుడైనా పొద్దుటి పడవే తీసుకోండి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం, డబ్బు వెనక్కిచ్చే బుకింగ్ చూసుకోండి. జులై చివర్లో వరసగా వచ్చే బుధ, గురువారాల్లో రాతి రొయ్యలు (లాబ్‌స్టర్లు) పట్టుకునే మినీ సీజన్ ఉంటుంది. ఆ రెండు రోజులు కీస్ మొత్తం తిరునాళ్ళలా ఉంటుంది, అటు పోకండి.

నీళ్ళు ఆగస్టులో 30 డిగ్రీల దాకా, జనవరి, ఫిబ్రవరుల్లో 22 దగ్గర. ఒంటికి తొడిగే రబ్బరు సూటు మారితే, మునగడానికి కట్టుకునే బరువు మారుతుంది, ఆ సంగతి ఐదో మెట్టులో.

4. సామాను, ఒంటి మీద ఉండేవి

అద్దెకు అన్నీ దొరుకుతాయి. మాస్క్ మాత్రం మీదే అయ్యుండాలి. ఇంకా వీలైతే ఒక డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్క చూపేది), గాలి నింపి పైకి వదిలే నారింజ రంగు గొట్టం బోయా.

సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పొడుగు చేతుల రాష్ గార్డ్ వేసుకోండి. మొహానికి పూయక తప్పకపోతే జింక్ ఆక్సైడ్ రకం.

గొలుసు, ఉంగరం, గాజులు హోటల్‌లో పెట్టేయండి. నీళ్ళలో తళుక్కుమనే లోహం చిన్న చేపలా కనిపిస్తుంది, పడవల కింద బారకూడాలు కాచుకుని ఉంటాయి. మంగళసూత్రం తీయనంటే సూటు లోపలికి వేసి జిప్పు పైదాకా లాగాలి. మా ఇంట్లో అదే ఏర్పాటు.

చేతి తొడుగులు వద్దని నా సలహా. తొడుగు ఉంటే చెయ్యి ధైర్యం చేస్తుంది, లేకపోతే దానంతటదే ముడుచుకుంటుంది.

గేజ్, ఆక్టోపస్ (బడ్డీకి గాలి అయిపోతే ఇచ్చే అదనపు రెగ్యులేటర్) రెండూ ఛాతీకి క్లిప్ చేసుకోండి. వేలాడే గేజ్ ఎక్కడ రాసుకుంటూ వస్తోందో మీకు తెలియదు, వెనక ఈదేవాడికి తెలుస్తుంది.

కెమెరాకి ఒకటే షరతు పెట్టుకున్నాను. ఇసుక మీద నిమిషం పాటు చేతులు కదపకుండా ఒకే ఎత్తులో ఉండగలిగితేనే కెమెరా నీళ్ళలోకి. లేకపోతే పడవలోనే.

5. బరువు: మీ డైవ్ ఇక్కడే తేలిపోతుంది

నా మొదటి కీ లార్గో డైవ్. బరువుల డబ్బా దగ్గర కుర్రాడు "ఎంత?" అన్నాడు. "ఆరు" అన్నాను. హ్యావ్‌లాక్‌లో ఆరు కిలోలే వేసుకునేవాణ్ణి. అతను రెండేసి పౌండ్ల బిళ్ళలు మూడు తీసి నా పాకెట్లలో పెట్టాడు. అడిగింది ఇచ్చాడు, అతని తప్పేం లేదు. నాకు కావాల్సింది పదమూడు పౌండ్లు.

ఫిన్స్ కొట్టుకుంటూ తలకిందులుగా ఎలాగో దిగాను. పాతిక అడుగుల్లో సూటు కాస్త నొక్కుకుని సర్దుకుంది, అంతా బాగానే ఉందనుకున్నాను. ముప్ఫై ఐదో నిమిషంలో, ఏడొందల పీఎస్‌ఐ దగ్గర, కాళ్ళు మెల్లగా పైకి లేవడం మొదలైంది. తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలి మొత్తం వదిలేశాను, అయినా పైకే. పదిహేను అడుగుల దగ్గర మూరింగ్ తాడు (పడవ కట్టే బోయా తాడు) దొరికింది కాబట్టి, పైకి వచ్చే ముందు ఆగాల్సిన మూడు నిమిషాలు దానికి జెండాలా వేలాడుతూ గడిపాను. తాడు పక్కనే పగడపు గుండు ఉంది. తాడు అందకపోయి ఉంటే చెయ్యి దాని మీదికే పోయేది.

ముందు ఈ అంకెలు కాగితం మీద రాసుకోండి:

- 1 కిలో = 2.2 పౌండ్లు
- 10 మీటర్లు = 33 అడుగులు
- 3000 పీఎస్‌ఐ = 207 బార్ (నిండు ట్యాంకు)
- 1500 పీఎస్‌ఐ = 103 బార్
- 500 పీఎస్‌ఐ = 34 బార్

ట్యాంకు ఖాళీ అవుతుంటే తేలడం ఎందుకు? అద్దెకిచ్చే అల్యూమినియం 80 ట్యాంకులో నిండుగా ఉన్నప్పుడు గాలి బరువే సుమారు 6 పౌండ్లు. అందులో ఐదు మీరు పీల్చేస్తారు. మొదట్లో కాస్త మునిగే ట్యాంకు చివరికి బెండులా తేలుతుంది. అందుకే బరువు డైవ్ చివరి నిమిషానికి సరిపోవాలి, మొదటి నిమిషానికి కాదు.

లోతు తక్కువైతే కష్టం ఎందుకు? నీటి మట్టం దగ్గర ఒక వాతావరణ పీడనం, 33 అడుగుల్లో రెండు. అంటే 33 నుంచి పైకి వచ్చేసరికి జాకెట్‌లో గాలి రెట్టింపు అవుతుంది. అదే రెట్టింపు లోతైన చోట జరగాలంటే 99 నుంచి 33 అడుగులకి రావాలి. మీరు తిరిగేదంతా ఆ మొదటి పొరలోనే. మూడు అడుగులు పైకి జరిగినా తేడా ఒంటికి తెలుస్తుంది.

బరువు చూసుకునే వరస:

1. సూటు, జాకెట్, ట్యాంకు అన్నీ వేసుకుని పడవ పక్కన తేలండి. రెగ్యులేటర్ (ట్యాంకు గాలి పీల్చుకునే మూతి) నోట్లోనే ఉండాలి.
2. జాకెట్‌లో గాలి పూర్తిగా వదిలేయండి. కాళ్ళు కదపకండి.
3. మామూలుగా ఊపిరి పీల్చి ఒక్క క్షణం ఉంచండి. నీటి మట్టం కళ్ళ దగ్గర ఆగాలి.
4. ఊపిరి వదలండి. మెల్లగా మునగాలి.
5. నిండు ట్యాంకుతో ఇది కుదిరితే, ఆ మీద 5 పౌండ్లు వేసుకోండి. 500 పీఎస్‌ఐ మిగిలిన ట్యాంకుతో కుదిరితే, అదే మీ అంకె.

తొలి అంచనా కావాలంటే 70 కిలోల మనిషికి, 3 మిల్లీమీటర్ల ఫుల్ సూటుతో, 10 నుంచి 14 పౌండ్ల మధ్య మొదలుపెట్టి చూడండి. అమెరికాలో కొలనులో నేర్చుకున్నవాళ్ళు గుర్తుంచుకోండి, మంచినీళ్ళలో సరిపోయిన బరువు ఉప్పునీళ్ళలో చాలదు. మీరూ సామానూ కలిపి వంద కిలోలుంటే ఇంకో రెండున్నర కిలోలు పడుతుంది.

"ఎందుకొచ్చిన గొడవ, నాలుగు ఎక్కువే వేసుకుందాం" అనకండి. ఎక్కువ బరువుంటే జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి, ఆ ఎక్కువ గాలే లోతు మారినప్పుడల్లా ఉబ్బి తగ్గి మిమ్మల్ని లిఫ్టులా పైకీ కిందికీ ఆడిస్తుంది. పైగా నడుముకి బరువు ఎక్కువైతే కాళ్ళు కిందికి దిగి నిలువుగా ఈదుతారు, ఫిన్స్ పగడాల్ని ఊడుస్తాయి. కాళ్ళు దిగుతున్నాయనిపిస్తే రెండు పౌండ్ల బిళ్ళ ఒకటి నడుం నుంచి తీసి ట్యాంకు పట్టీకి మార్చండి. ఈ చిన్న మార్పుతో నాలుగు రోజుల ప్రాక్టీసు కలిసొస్తుంది.

6. పడవ మీద

ముందు రాత్రి బిర్యానీ, బీరు వద్దు. వాంతి మందు (మెక్లిజిన్ మత్తు తక్కువ) రాత్రి ఒకటి వేసుకుని, పొద్దున్న పడవకి గంట ముందు ఇంకొకటి వేసుకోవాలా అని ఫార్మసిస్ట్‌ని అడగండి. పొద్దున్నే ఖాళీ కడుపు పనికిరాదు, అరటిపండు, రెండు ఇడ్లీలు చాలు. వాంతి వస్తే గాలి వీచిపోయే వైపు, పడవ చివర. లోపలి బాత్రూంలోకి అస్సలు పోకండి, ఇంకా ఎక్కువవుతుంది.

కట్టిన పడవ ఊగినంతసేపూ ఎక్కువ ఇబ్బంది. కాబట్టి సామాను రేవులోనే బిగించుకోండి, రీఫ్ దగ్గర వంగి స్ట్రాప్‌లు కట్టే పని పెట్టుకోవద్దు.

బ్రీఫింగ్‌లో చెవి పెట్టాల్సినవి నాలుగు: ప్రవాహం ఎటు, లోతు ఎక్కడ ఎంత, ఎన్ని నిమిషాలు, వెనక వేలాడే తాడు ఎక్కడ. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, సిగ్గు అక్కర్లేదు.

తర్వాత హాజరు పిలుపు. ప్రతి డైవ్ తర్వాతా పేరు పేరునా పిలుస్తారు. క్యాప్టెన్ నోట్లో మన పేర్లు ఎలా తిరుగుతాయో చెప్పక్కర్లేదు, ఒకసారి నా పేరు పిలిస్తే పక్కన కూర్చున్న కొరియా అబ్బాయి చెయ్యెత్తాడు. పొట్టి పేరు ఒకటి రాయించండి. ఒకరి బదులు ఒకరు పలకొద్దు. మా బావమరిది ఒకసారి "ఆవిడ లోపలుంది లెండి" అన్నాడు. డెక్ మీది అమ్మాయి ఒప్పుకోలేదు, వాళ్ళావిడ వచ్చి మొహం చూపించేదాకా ఇంజిన్ స్టార్ట్ కాలేదు. "బావా, ఇంత పట్టింపా!" అన్నాడు నాతో. అంతే పట్టింపు ఉండాలి. మనిషిని నీళ్ళలో వదిలేసి పడవ రాకుండా ఆపేది ఆ పిలుపే.

7. దిగడం

1. బడ్డీ ఇద్దరూ ఒకరి సామాను ఒకరు చూడాలి: జాకెట్, బరువులు, క్లిప్‌లు, గాలి. గేజ్ చూస్తూ నాలుగు ఊపిరులు తీయండి. ముల్లు ఊగితే వాల్వు పూర్తిగా తెరవలేదు.
2. జాకెట్‌లో సగం గాలి. ఒక చెయ్యి మాస్క్, రెగ్యులేటర్ మీద, ఇంకో చెయ్యి బరువుల మీద. కింద ఎవరూ లేరని చూసి పెద్ద అడుగు వేసి దూకండి.
3. పైకి తేలగానే పడవవాళ్ళకి ఓకే సైగ. తాడు పట్టుకుని ముందుకి, మూరింగ్ దగ్గరికి.
4. నీటి మట్టం దగ్గరే ఒకసారి చెవులు సమం చేసుకోండి. ముక్కు మూసి మెల్లగా ఊదడం. తర్వాత రెండు మూడు అడుగులకొకసారి. మొదటి పది అడుగుల్లోనే చెవులు ఎక్కువ పేచీ పెడతాయి.
5. నొప్పి వస్తే ఆగండి, రెండడుగులు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి. బలంగా ఊదొద్దు.
6. కాళ్ళు ముందుకి పెట్టి మెల్లగా, ఇసుక ఉన్న చోట దిగండి. అడుగుకి ఆరడుగుల పైనే ఆగి జాకెట్‌లో చిటికెడు చిటికెడు గాలి వేసుకోండి.

దిగగానే పైకి ఒక్కసారి చూడండి. మీ పడవ అడుగు ఏ రంగు, ప్రొపెల్లర్లు ఎన్ని, నిచ్చెన ఎలా ఉంది. మొలాసెస్‌లో ఒక్కోసారి అరడజను పడవలుంటాయి. వేరే పడవ నిచ్చెనెక్కి "మాది కాదా ఇది" అన్నవాళ్ళు తరచూ కనిపిస్తారు.

8. రీఫ్ మీద దారి

ఇక్కడి రీఫ్ చేతి వేళ్ళలా ఉంటుంది. పగడపు గట్లు సముద్రం వైపు చాచుకుని ఉంటాయి, గట్టుకీ గట్టుకీ మధ్య తెల్లటి ఇసుక కాలువ. గట్లు దాదాపు ఆగ్నేయానికి సాగుతాయి, అటే లోతు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టిందంటే దిక్సూచి రెండుసార్లు చూసినా చాలు.

నేను చేసే పద్ధతి:

1. మూరింగ్ దగ్గరున్న ఇసుక కాలువ పట్టుకుని సముద్రం వైపు వెళ్ళండి. కాలువ మధ్యలో, ఇసుకకి నాలుగడుగుల పైన.
2. గట్టు చివరికి, ముప్ఫై అడుగుల దగ్గరికి వచ్చాక ప్రవాహానికి ఎదురు తిరగండి.
3. గట్ల కొసలు దాటుతూ లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు.
4. ఎవరి గేజ్ ముందు 1500 చూపిస్తే అక్కడ వెనక్కి. ఇంకో కాలువలో లోతు తక్కువ వైపు వచ్చి, ప్రవాహంతో పాటు మూడు గట్లు లెక్కపెట్టుకుంటూ తిరిగి రండి.
5. 1000 కల్లా పడవ కింద ఉండాలి.

ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టమనేది ఊరికే కాదు. అలిసిపోయాక, గాలి తగ్గాక, నీళ్ళే మిమ్మల్ని పడవ దగ్గరికి తెస్తాయి. తిరగేసి చేసినవాళ్ళని చిన్న బోటు పంపి తెచ్చుకుంటారు, తిరుగు ప్రయాణమంతా అందరూ మీ వైపే చూస్తారు.

అలల ఊపు ఉన్న రోజు దానితో పోట్లాడొద్దు. అది వెనక్కి లాగినప్పుడు ఊరికే ఉండండి, ముందుకి తోసినప్పుడు ఫిన్ కొట్టండి. గట్టుకీ మీకూ మధ్య మామూలు కంటే రెట్టింపు దూరం ఉంచుకోండి.

ఫిన్స్ కిందికి కొట్టకుండా కప్ప ఈదినట్టు పక్కలకి కొట్టడం నేర్చుకుంటే ఇసుక లేవదు. ఇసుక లేస్తే నీళ్ళు మసకబారడమే కాదు, ఆ ఇసుక పోయి పగడాల మీదే కూర్చుంటుంది.

తొందర కూడా వద్దు. ఒకసారి గట్టు పక్కన ఇసుక మీద పది నిమిషాలు ఒకేచోట ఉండిపోయాను. ముందు ఏం లేదనిపించింది. తర్వాత కరకరమని చప్పుడు, ఎవరో అప్పడాలు నములుతున్నట్టు. నీలి చిలుక చేప ఒకటి రాతిని కొరుకుతోంది. రెండు గాట్లు వేసి, కాస్త జరిగి, వెనకనుంచి తెల్లటి ఇసుక పొగలా వదిలింది. నేను తేలుతున్నది ఎలాంటి ఇసుక మీదో అప్పుడు తెలిసింది. ఈలోగా పడవలోని మిగతావాళ్ళు నా పక్కనుంచి మూడుసార్లు వెళ్ళారు.

9. ముట్టుకోకూడనివి, కుట్టేవి

- ఆవపిండి రంగు కొమ్మల ఫైర్ కోరల్: తగిలితే మంట. సముద్రపు నీళ్ళతోనే కడగండి, మంచినీళ్ళు వద్దు. వెనిగర్ పని చేస్తుంది.
- లయన్ ఫిష్: ఇక్కడి చేప కాదు, బయటినుంచి వచ్చి చేరింది. ముల్లు గుచ్చుకుంటే ఒళ్ళు కాలనంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలకి మించకుండా, అరగంట పైనే ఉంచి డాక్టరు దగ్గరికి.
- నల్లటి పొడవు ముళ్ళ సముద్రపు ముళ్ళకాయ (సీ అర్చిన్): రాతి సందుల్లో ఉంటుంది. చెయ్యి పెట్టకపోతే మీ జోలికి రాదు.
- నర్సు షార్క్: గట్టు కింద పడుకుని ఉంటుంది. తోక లాగినవాణ్ణే కరుస్తుంది.

వేసవి చివర తెల్లబడ్డ పగడాలు కనిపించవచ్చు. 2023 జులైలో ఇక్కడి నీళ్ళు మరీ వేడెక్కి చాలా పగడాలు అలా అయిపోయాయి. తెల్లబడిందంటే చచ్చిపోయిందని కాదు, లోపలి పాచి పోయి పస్తులున్నట్టు. వాటికి ఇంకా దూరంగా ఉండండి. కొన్నిచోట్ల వేలెడంత పగడపు కొమ్మలు రాతికి జిగురుతో అంటించి, పక్కన చిన్న గుర్తు బిళ్ళ ఉంటుంది. అవి నర్సరీలో పెంచి నాటిన మొక్కలు. బిళ్ళ మీద ఏముందో చదవడానికి కూడా దగ్గరికి పోవద్దు.

చేపలకి బ్రెడ్డు వేయకూడదు. అడుగున ఖాళీ శంఖం కనిపిస్తే పూజగదిలోకి బాగుంటుందనిపిస్తుంది. అక్కడే ఉంచేయండి, అందులో ఏ పీతో కాపురముంటుంది. పైగా ఈ ప్రాంతంలో గవ్వ తీసినా నేరమే.

10. పైకి రావడం

పడవ కింద 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. డైవ్ అంతా పాతిక అడుగుల్లోనే సాగినా ఆగండి, ఈ మూడు నిమిషాల్లోనే మీ బరువు సరిపోయిందో లేదో తేలిపోతుంది. జాకెట్ ఖాళీగా, కాళ్ళు కదపకుండా ఉండగలిగితే సరిపోయినట్టే.

ఊపిరి ఎప్పుడూ బిగపట్టొద్దు. నిండు ఊపిరితో నాలుగైదు అడుగులు పైకి వచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. లోతు తక్కువే కదా అన్న ధీమా ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

పడవకి దూరంగా పైకి తేలాల్సి వస్తే ముందు గొట్టం బోయా వదలండి. ఎర్ర రంగు మీద తెల్ల గీత ఉన్న డైవ్ జెండాకి 300 అడుగుల లోపే వేరే పడవలు నెమ్మదిగా వెళ్ళాలి. అది దాటి తేలితే మిమ్మల్ని చూసే దిక్కుండదు.

నిచ్చెన దగ్గర ముందువాడు ఎక్కుతుంటే కింద ఉండకండి, జారితే అతనూ ట్యాంకూ మీ మీదే. తాడు పట్టుకుని పక్కకి ఆగి, మీ వంతు వచ్చాక ఫిన్స్ తీసి అందించండి. మాస్క్, రెగ్యులేటర్ మాత్రం డెక్ మీద కూర్చునేదాకా తీయొద్దు.

11. తరచూ వచ్చే చిక్కులు, వెంటనే చేయాల్సింది

*దిగలేకపోతున్నా.* ఊపిరి పూర్తిగా వదలండి, ఇన్‌ఫ్లేటర్ గొట్టం (జాకెట్‌లోకి గాలి నింపి, వదిలేది) నిటారుగా పైకెత్తి గాలి వదలండి. చాలాసార్లు కంగారులో ఛాతీ నిండా గాలి ఉంచుకోవడమే కారణం. అప్పటికీ దిగకపోతే పడవ దగ్గరికి వెళ్ళి రెండు పౌండ్లు అడగండి.

*బడ్డీ కనిపించడం లేదు.* ఒక నిమిషం చుట్టూ చూడండి, తర్వాత నెమ్మదిగా పైకి. వాళ్ళూ అదే చేస్తారని ముందే మాట్లాడుకుని ఉండాలి. భార్యాభర్తలే ఈ మాట అనుకోకుండా దిగుతారు.

*గాలి త్వరగా అయిపోతోంది.* చేతులతో ఈదడం మానండి. రెండు చేతులూ ముందు కట్టుకుని ఈదితే మీకే తేడా తెలుస్తుంది.

*మాస్క్ మసకబారుతోంది.* పిల్లల షాంపూ ఒక చుక్క, దిగే ముందు ఒక్కసారి కడగడం. కొత్త మాస్క్ అయితే ముందు టూత్‌పేస్ట్‌తో లోపల రుద్దాలి.

12. ఒడ్డుకొచ్చాక

పడవ సిబ్బందికి టిప్ మామూలు, ట్యాంకుకి ఐదు నుంచి పది డాలర్లు. విడి నోట్లు ముందే పొడి సంచిలో పెట్టుకోండి.

ఒకే డైవ్ చేస్తే 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఆదివారం పొద్దున్న డైవ్ చేసి రాత్రి మియామీ నుంచి విమానం అనే ప్లాను ప్రతి ఏడూ ఎవరో ఒకరు వేస్తారు. శనివారంతో ముగించండి. కారులో వెనక్కి రావడానికి అడ్డు లేదు, ఫ్లోరిడాలో ఎక్కే కొండేమీ లేదు కదా.

సామాను మంచినీళ్ళలో నానబెట్టి, జాకెట్ లోపలికి కూడా నీళ్ళు పోసి ఊపి వంచేయండి. పూర్తిగా ఆరాకే ఇంకో రీఫ్‌కి తీసుకెళ్ళండి. 2014 నుంచి ఫ్లోరిడా పగడాలకి ఒక తెగులు పట్టుకుంది, తడి సామానుతో అది ఇంకోచోటికి చేరకూడదని ఈ జాగ్రత్త.

ఆ రాత్రే లాగ్‌బుక్ రాయండి: ఏ సూటు, ఏ ట్యాంకు, చివర్లో 15 అడుగుల దగ్గర తేలారా మునిగారా, ఎంత బరువు. బరువు పక్కన వట్టి అంకె వదిలేయకుండా కిలోలా పౌండ్లా కూడా రాయండి.